మిరప సంచుల్లో పసిబట్టలు

ఆ ఏడు కృష్ణ పొంగి లంక ఊళ్లు మునిగినప్పుడు మా చర్చి ఆడవాళ్లం పాత బట్టలు పోగేశాం. మాది మెట్ట, మాకు వరద రాదు. నేను చదివింది మూడో తరగతే. అయినా ఏదీ వృథా పోనివ్వనని మూటలు కట్టించే పని నాకు అప్పజెప్పారు.

మెత్తటి నూలు చీరలు విడిగా తీసి, చంటిపిల్లలకని చింపి మడతలు పెట్టించాను. వాటికి కొత్త సంచులు తెద్దామంది మా కోడలు.

"ఎందుకే? అటక మీద టిక్కీలు పడున్నాయిగా" అన్నాను. మిరపకాయలు నింపే గోనె సంచుల్ని మేం టిక్కీలంటాం. ఏటికేడు దులిపి దాస్తాను.

"దులిపినా ఘాటు పోదత్తయ్యా" అని మూడుసార్లు తుమ్మింది.

"వరి పొలాల్లో పుట్టినదానివి, మిరప చేను పేరెత్తినా నీకు తుమ్మొస్తుంది. నోరు మూసుకుని కుట్టు."

కుట్టింది. నలభై ఏళ్లు మిరపకాయల తొడిమలు తీసిన చేతులు నావి. ఆ చేతులతోనే సంచి లోపల తడిమి చూశాను. ఏమీ మండలేదు. ముక్కుకీ తెలియలేదు.

మూటలు ట్రాక్టర్‌కెత్తించి, వాటి మీదే కూర్చుని నేనూ వెళ్లాను. ఏటి గట్టు పక్కన బడిలో జనాన్ని ఉంచారు. సగం సంచులు అక్కడ దించి, మిగతావి లంకల్లో చిక్కుకున్నవాళ్లకని పడవకెక్కించారు. చంటిబట్టల్లో ఒక సంచి బడిలో ఉంచి, మిగతావి ముందు పోవాలని నేనే దగ్గరుండి ఎక్కించాను.

మధ్యాహ్నం తిరుగుప్రయాణానికి లేస్తుంటే వరండాలో ఒక పసిబిడ్డ ఆగకుండా ఏడుస్తోంది. పుట్టి పది రోజులు కూడా ఉండవు. తల్లి ఎత్తుకుని అటూ ఇటూ తిరుగుతోంది.

"పాలు చాల్లేదేమోనమ్మా" అన్నాను.

"తాగిందండి. పొడి బట్ట దొరికిందని చుట్టాను, అప్పట్నుంచీ ఇదేనండి."

విప్పి చూశాను. మెడ మడతల్లో, తొడల సందుల్లో చర్మం ఎర్రగా కందిపోయింది. చుట్టిన గుడ్డ నేను చింపిన గళ్ల చీరది.

కడగాలన్నాను. చుట్టూ అంతా వరదే, కడగడానికి నీళ్లు లేవు. తాగడానికి మనిషికో సీసా ఇచ్చారు. బాలింతరాలు, తన సీసా మొత్తం బిడ్డ మీద పోసేసింది.

"ఆ సంచులు నావమ్మా, మిరపకాయలవి. కోడలు వద్దన్నా నేనే పెట్టించాను" అని చెప్పాను.

తిడుతుందనుకున్నాను. "అయితే ఇప్పుడేం చుట్టనండి?" అని మాత్రం అడిగింది.

నా కొంగు చింపబోయి ఆగాను. దారంతా ఆ మూటల మీద కూర్చుని వచ్చాను, నా ఒంటి మీద చీరకీ అదే దుమ్ము.

గట్టు మీదికి పరుగెత్తి పడవ సంగతి అడిగాను.

"ఎప్పుడో దాటిపోయింది మామ్మగారూ. ఈ ప్రవాహంలో మళ్లీ రేపే" అన్నాడు అక్కడున్నాయన.

వెనక్కి వచ్చేసరికి ఆ తల్లి బిడ్డను రవికలో పొదువుకుని, గోడవైపు తిరిగి కూర్చుంది. నేను పక్కన కూర్చున్నా ఇటు చూడలేదు.

లంకల్లో ఎంతమంది పసివాళ్లకు ఆ బట్టలు చుట్టారో తర్వాత చాలామందిని అడిగాను. ఏ సంచి ఏ ఇంటికి చేరిందో చెప్పగలిగినవాళ్లు ఒక్కరూ లేరు.