ఓదెలు ఇచ్చిన అడ్రస్

ఓదెలు చదువంతా డెమో క్లాసుల్లోనే సాగింది. అమీర్‌పేటలో ఏ ఇన్‌స్టిట్యూట్ అయినా మొదటి మూడు రోజులు ఊరికే చెబుతుంది, నాలుగో రోజు ఫీజు కట్టమంటుంది. మంథని నుంచి వచ్చిన ఓదెలు మూడో రోజు సాయంత్రం నోట్సు మడిచి, మర్నాడు పక్క బిల్డింగు మెట్లెక్కేవాడు. అలా ఏడాదిన్నర. మిగతాది ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాల్లో తనే చదువుకున్నాడు.

2011లో పంజగుట్టలోని ఒక మహిళా సంస్థలో కుదిరాడు. మొగుళ్ల చేతిలో తన్నులు తిని పారిపోయి వచ్చిన ఆడవాళ్లను ఆ సంస్థ దాచిపెట్టేది. నాలుగు వందల పైచిలుకు ఫైళ్లు. ఏ పేటలో ఎందరు, దేనితో కొట్టారు, రాజీ చేసి పంపాక మళ్లీ ఎన్నాళ్లకు కొట్టారు, ఇవన్నీ లెక్క తీయడం అతని పని. బెల్టు. కుక్కరు మూత. కాల్చిన అట్లకాడ. ఆ మాటలు టైపు చేసీ చేసీ అన్నం ముందు కూర్చున్నా అవే గుర్తొచ్చేవి.

ఫైళ్లు గది దాటకూడదని సంస్థ నడిపే ఉదయలక్ష్మి గారు గట్టిగా చెప్పారు. అందుకే ఓదెలు సర్వర్ సాఫ్ట్‌వేర్‌ని ఆ గదిలోని కంప్యూటర్‌లోనే పెట్టాడు. చూడ్డానికి అది వెబ్‌సైటులాగే బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. బయటి నెట్‌తో మాత్రం దానికి ఏ సంబంధమూ లేదు.

ఒక మధ్యాహ్నం, మేడం కోర్టుకు వెళ్లిన సమయంలో, తారక్ ఇద్దరు మనుషులతో వచ్చాడు. అమీర్‌పేటలో ఇన్‌స్టిట్యూట్ ఓనరు. ఒకే ఒక్కసారి నాలుగో రోజు కూడా క్లాసులో కూర్చున్నందుకు ఓదెలును చెంపమీద కొట్టి మెట్ల మీంచి తోసినవాడు. ఇప్పుడు గుర్తుపట్టలేదు.

"నా పెళ్లాం శ్రీలేఖ ఎక్కడుందిరా?"

"నాకు తెల్వదు సార్."

తెలుసు. మధురానగర్‌లో ఆమె ఉంటున్న హాస్టల్ పేరు ఆ ఫైల్లో ఎక్కించింది ఓదెలే.

వచ్చినవాళ్లలో ఒకడు అతని జుట్టు పట్టి బల్ల అంచుకేసి కొట్టాడు. కనుబొమ చీలి రక్తం కంట్లోకి కారింది. తారక్ స్క్రీన్ వైపు చూశాడు. అక్కడ పేర్లు లేవు, పేటల వారీ లెక్కలే ఉన్నాయి.

"ఏంటిది? మా సంసారాలన్నీ నెట్‌లో పెట్టేశారా?"

"నెట్ కాదు సార్, గిది లోకల్..."

"బ్రౌజర్‌లో కనబడుతుంటే నెట్ కాదంటావేంట్రా! ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడికి నువ్వు చెప్తావా?"

రెండోవాడు ఓదెలు ఎడమచేతిని సొరుగులో పెట్టించి, సొరుగును బూటుకాలితో తన్నాడు. రెండు వేళ్లు పటపటమన్నాయి. ఆ కేకకు వంటింట్లోంచి వంటమనిషి రుద్రమ్మ గరిటె పట్టుకుని ఉరికొచ్చింది.

"ముగ్గురు గలిసి ఒక్క పోరణ్ణి కొడ్తున్నరా? థూ మీ మొగతనం! ఓ అన్నా, జర ఎవలన్న రాండ్రి!" అని కిటికీలోంచి అరిచింది. కింది కొట్లవాళ్ల చెప్పుల చప్పుడు మొదలైంది.

తారక్ కంగారుపడ్డాడు. "వెబ్‌సైట్ అడ్రస్, పాస్‌వర్డ్ రాసివ్వు. నా ఆఫీసులో తీరిగ్గా చూసుకుంటా. తప్పు రాశావో, మిగతా ఎనిమిది వేళ్లూ ఉండవు."

ఓదెలు ఒక్క అక్షరం అబద్ధం రాయలేదు. లోకల్‌హోస్ట్, రెండు చుక్కలు, 8080. కింద పాస్‌వర్డ్. తారక్ దాన్ని స్క్రీన్ పైన ఉన్నదానితో పోల్చి చూసుకుని, చీటీ జేబులో పెట్టుకుని, మెట్లెక్కి వస్తున్నవాళ్లను తోసుకుంటూ తన మనుషులతో దిగిపోయాడు.

"చెప్పేస్తివా?" రుద్రమ్మ గరిటెతో బల్లమీద కొట్టింది. "ఆ పిల్ల గొంతు కోస్తివి గదరా!"

"లేదు పెద్దమ్మా. లోకల్‌హోస్ట్ అంటే 'మా ఇల్లు' అన్నట్టు. ఎవలంటే వాళ్ల ఇల్లే. వాడు పోయి కొడితే వాని కంప్యూటరే తెరుసుకుంటది."

ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనైనా మొదటి రోజు చెప్పే పాఠం అది. తారక్ ఎన్నడూ క్లాసులో కూర్చోలేదు, ఫీజు కౌంటర్లో కూర్చున్నాడు.

"మరి మళ్లొస్తడు గదా!"

వస్తాడు. ఓదెలు ఒంటిచేత్తో కంప్యూటర్ స్క్రూలు విప్పి, ఫైళ్లున్న డిస్కు ఊడబీకాడు. రుద్రమ్మ దాన్ని టిఫిన్ క్యారియర్‌లో పెట్టుకుంది.

"కోర్టుకు పోయి మేడం చేతికియ్యి."

"నువ్వు సుత రారాదు? తాళమేసి పోదాం."

"నువ్వు నడువు పెద్దమ్మా."

ఆమె వెళ్లాక అతను షట్టర్ లాగే ఇనుప కడ్డీ తీసుకుని తలుపు వెనక నిలబడ్డాడు.

అరగంటకు తారక్ అరుపు మెట్లమీద వినబడింది. "నా సర్వర్‌లోకే దూరావురా, దొంగనాకొడకా!" ఆఫీసులో ఆ అడ్రస్ కొడితే తన విద్యార్థుల ప్రాక్టీసు పేజీ తెరుచుకుందట.

తలుపు తోసీ తోయగానే కడ్డీ తారక్ మోకాలి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడుకు వెనకనున్న ఇద్దరూ పరుగు తీశారు. పడిపోయినవాడి మణికట్టు మీద రెండోది. "బాబూ, వద్దు బాబూ" అని తారక్ చేతులు అడ్డం పెట్టాడు. మూడోది, నాలుగోది ఆ చేతుల మీదే. తర్వాతవి ఓదెలు లెక్కపెట్టలేదు. కింది కొట్లవాళ్లు నలుగురు పట్టుకుంటే గానీ ఆగలేదు.

సాయంత్రం ఆస్పత్రిలో ఓదెలు వేళ్లకు కట్టు కడుతుంటే ఉదయలక్ష్మి గారు వచ్చారు. డిస్కు ఆవిడ సంచిలో ఉంది.

"డిస్కు వెళ్లిపోయాక నువ్వూ వెళ్లిపోవచ్చుగా ఓదెలూ? ఎందుకు ఆగావు?"

"కొట్టబుద్ధయింది మేడం."

ఆవిడ డిస్కున్న సంచిని దగ్గరికి లాక్కున్నారు.

"నువ్వు లేకపోతే ఆ అమ్మాయి దొరికిపోయేది. నీ మీద కేసు పడితే ఆ మాట కోర్టులో చెబుతాను, లాయరుని కూడా పెడతాను. కానీ మన ఆడవాళ్లు వచ్చే చోటికి నిన్ను మళ్లీ రానివ్వలేను. ఏమనుకోకు."

ఓదెలు తలాడించాడు. శ్రీలేఖ ఆ సాయంత్రమే మధురానగర్ వదిలి వెళ్లింది. ఎక్కడికో అతనికి ఎవరూ చెప్పలేదు. అతనూ అడగలేదు.