పుప్పాలగూడలో మా చెల్లెలు నిలబడిన రోజు

మా చెల్లెలు కరుణ హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని చేస్తుంది. ఉండేది పుప్పాలగూడలో ఒక హాస్టల్లో. మొన్న బుధవారం ఫోన్ చేసింది. "అక్కా, శుక్రవారం మధ్యాహ్నం కొత్త క్లయింట్ మాతో మాట్లాడతాడు. నాకున్నది రెండేళ్ల అనుభవం. ఆఫీసులో ఐదేళ్లని చెప్పమంటున్నారు. చెప్పనన్నాను. అలాగైతే ప్రాజెక్టు మర్చిపో, ఉద్యోగం సంగతి కూడా చెప్పలేం అన్నారు" అంది. గొంతులో వణుకేమీ లేదు. అందుకే నాకు భయమేసింది. తెనాలిలో బడికి సెలవు పెట్టి, గురువారం రాత్రి లింగంపల్లి వెళ్లే రైలెక్కాను. మీ వాళ్లెవరైనా అటువైపు ఉండి, ఎప్పుడైనా వెళ్లాలనుకుంటే పనికొస్తుందని దారితో సహా రాస్తున్నాను.

లింగంపల్లిలో దిగేసరికి తెల్లవారింది. సికింద్రాబాద్‌లో దిగితే ఊరంతా దాటి రావాలి కాబట్టి ఇక్కడిదాకా టికెట్ తీసుకోవడమే మేలు. స్టేషన్ బయట ఆటో అతను మూడు వందలు అడిగాడు. పొద్దున్నే కాబట్టి గచ్చిబౌలి మీదుగా అరగంటలో చేరిపోయాం. పుప్పాలగూడ దగ్గర పడుతుంటే చెయ్యెత్తి టవర్లు చూపించాడు. "గీడ మా తాతల పొలాలుండె అమ్మా. ఇగ మా ఊళ్లె మేమే కొత్తోళ్లమైనం" అన్నాడు. చిన్నప్పటి నుంచి చర్చిలో మనం ఈ లోకంలో పరదేశులం అని వింటూ పెరిగినదాన్ని. ఆ మాట ఒక ఆటోలో, అంత మామూలుగా వినబడుతుందని అనుకోలేదు.

హాస్టల్లో గది తలుపు తీసి ఉంది. కరుణ మంచం పక్కన మోకాళ్ల మీద ఉంది. నన్ను చూసి లేచి గట్టిగా పట్టుకుంది. "భయం లేదని కాదక్కా, నిన్నటి నుంచి అన్నం దిగట్లేదు. కానీ అబద్ధమాడి తెచ్చుకున్న కుర్చీలో కూర్చుని రోజూ ఏమని ప్రార్థన చేసుకోను?" అంది. నేను తనని మంచం మీద కూర్చోబెట్టాను. జడ వేశాను.

కింద వంటగదిలో, హాస్టల్లో వంట చేసే యాదమ్మ ఉప్మా వడ్డించింది. ఈ ఊరి మనిషే. "నాకు జ్వరమొస్తే మీ చెల్లెనే దవాఖానకు తీస్కపోయింది. ఆరోజు అందరికీ అన్నం గూడ ఆమెనే వండింది. జర ఉప్పెక్కువైంది గని" అని నవ్వింది. కరుణ గదిలోనే ఉండే మాధవి కూడా మాతో తింటోంది. కరీంనగర్ అమ్మాయి, ఒకే టీమ్. "ఆఫీసుల ఈమెను సిస్టర్ అంటరు అక్కా. మొదట్ల ఎక్కిరించనీకే పెట్టిన్రు. పార్టీలకు మాతోనే వస్తది, నిమ్మకాయ సోడా తాగుతది, ఆఖరికి మమ్మల్నందర్నీ భద్రంగ తీస్కొచ్చేది గూడ ఈమెనే. ఇప్పుడు ఎవ్వలకు ఏమైనా సిస్టర్ ఏది అనే అడుగుతరు" అంది. కరుణ "చాల్లేవే" అంటూ తల వంచుకుని తింది. ఇవేవీ ఫోన్లో మాకు ఎప్పుడూ చెప్పలేదు.

మధ్యాహ్నం ముగ్గురం కలిసి ఆఫీసుకి వెళ్లాం. బయటివాళ్లను కింది హాలు దాటి పోనివ్వరు. ఆధార్ చూపించి, మెడలో విజిటర్ కార్డు వేసుకుని సోఫాలో కూర్చున్నాను. చుట్టూ గాజు గోడలు, వచ్చేపోయే వాళ్ల నవ్వులు. దేవా, ఉద్యోగం ఉన్నా పోయినా ఆ పిల్ల మనసు విరగనివ్వకు అని మాత్రం అడిగాను. గంట దాటాక లిఫ్టులోంచి ఇద్దరూ వచ్చారు. కరుణ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"రెండేళ్లే అని చెప్పానక్కా. వాళ్లు థాంక్యూ అన్నారు, అంతే. ప్రాజెక్టు లేదు" అంది. మాధవి నా పక్కన కూలబడింది. "నాది గూడ లేదు అక్కా. నాకు ఆరేళ్లని చెప్పమన్నరు. ఈమె తర్వాత నా వంతు. ఈమె అట్ల చెప్పినంక నాకు అబద్ధం నోట్లెకెళ్లి రాలే."

వాళ్ల మేనేజరు కిందికే వచ్చాడు. భీమవరం వైపు మాట. కోపంగా వచ్చినవాడు నన్ను చూసి తగ్గాడు. "చాలా పెద్ద అవకాశమండీ, చేజేతులా వదులుకున్నారు. ఈసారి జీతం పెంచమని నన్నడగొద్దు" అన్నాడు. కరుణ "అడగనండి" అంది. ఆయన లిఫ్టు వైపు వెళ్లబోతూ ఆగి, "సోమవారం ఇద్దరూ కోకాపేట ఆఫీసుకి వెళ్లండి. అక్కడ చిన్న ప్రాజెక్టు ఉంది. మీకున్న అనుభవమే చాలు" అని వెళ్లిపోయాడు. కరుణ నా భుజం మీద తల పెట్టి అప్పుడు ఏడ్చింది.

ఆ సాయంత్రం హాస్టల్ దగ్గరి అపార్ట్‌మెంట్‌లో ప్రార్థన కూడిక జరిగింది. చెప్పులన్నీ మెట్ల దాకా వచ్చాయి. అంతా ఐటీ పిల్లలే, మెడల్లో కార్డులు తీయకుండానే పాడుతున్నారు. కరుణ తన సంగతి రెండు ముక్కల్లో చెప్పి కూర్చుంది. మాధవి దేవుళ్లు వేరు. అయినా వచ్చి, వెనక గోడకానుకుని కూర్చుంది, చివర్లో అందరికీ టీ అందించింది.

పరిశుద్ధంగా బతకడమంటే లోకానికి దూరంగా జరగడమని నేను కొంత అనుకునేదాన్ని. మా చెల్లెలు ఎక్కడికీ జరగలేదు. వాళ్ల మధ్యే తింటుంది, నవ్వుతుంది, జ్వరమొస్తే పక్కన కూర్చుంటుంది. నోటికి అబద్ధం మాత్రం రానివ్వదు. దానికోసం పోగొట్టుకోవలసింది పోగొట్టుకుని, ఎవరినీ తక్కువగా చూడకుండా మళ్లీ పనికి పోతుంది. దాన్ని చిన్నప్పుడు ఎత్తుకు తిప్పినదాన్ని, ఇప్పుడు దాని వెనక నడవడం నాకు గర్వంగా ఉంది.

మీరూ ఇలా వెళ్తుంటే ఒక్క మాట. తిరుగు ప్రయాణానికి శనివారం టికెట్ తీసుకోకండి. నేను తీసుకుని రద్దు చేసుకున్నాను. ఆదివారం రాత్రి బండికి తీసుకుంటే, ఆరోజు పొద్దున ఆరాధనలో మీ వాళ్ల పక్కన కూర్చుని పాడొచ్చు.