సైరన్‌ను నమ్మిన కంప్యూటర్

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకునేవాణ్ని. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అక్కడ నేను వెలగబెట్టిన ఘనకార్యం ఒకటుంది. అన్ని కంప్యూటర్లూ, గేటు దగ్గరి హాజరు మిషనూ నా గదిలోని పెద్ద కంప్యూటర్‌ని అడిగి టైమ్ దిద్దుకునేలా నెట్‌వర్క్‌లో కలిపాను. మాకు ఇంటర్నెట్ లేదు. అందుకే ఆ పెద్దదాని టైమ్ మాత్రం ప్రతి సోమవారం పొద్దున ఎనిమిది గంటల సైరన్ మోగగానే నేనే సరిచూసేవాణ్ని. ఎప్పుడు చూసినా పెద్ద తేడా ఉండేది కాదు. నా అంత పనిమంతుడు లేడని మురిసిపోయేవాణ్ని.

ఒకరోజు ప్యాకింగ్‌లో పనిచేసే ఒకామెను గేటు దగ్గర ఆపేశారు. లక్డారం నుంచి ఆటోలో వచ్చేది. నెలలో మూడుసార్లు ఆలస్యమైతే కాంట్రాక్టు మనుషులను తీసేస్తారు, ఆమెకు అది మూడోసారి. మిషన్ ఎనిమిది దాటి నాలుగు నిమిషాలు చూపిస్తోంది. ఒప్పుకోనంటోందని గార్డు నన్ను పిలిపించాడు.

"రేడియోల వార్తలు షురూ కాంగనే ఇంట్లకెళ్లి ఎల్లిన సార్. గంత లేటెట్లయితది?" అందామె.

నాకు చిర్రెత్తుకొచ్చింది. మిషన్ అబద్ధం చెప్పదనీ, అనుమానముంటే సైరన్‌ను అడగమనీ కసిరాను. సైరన్ కొట్టేది ఆ గార్డే. మాట తన మీదికి వస్తుందనుకున్నాడేమో, గాభరాగా అన్నాడు.

"నేను మీ మిషన్‌ల టైమ్ సూసే కొడత సార్."

అప్పుడు తట్టింది నాకు. నేను సైరన్ విని టైమ్ దిద్దుతున్నాను, సైరనేమో నా టైమ్ చూసి మోగుతోంది. గదికి పరుగెత్తి, టైమ్ చెప్పే నంబరుకు ఫోన్ చేశాను. ఫ్యాక్టరీ మొత్తం తొమ్మిది నిమిషాలు ముందుంది. నెలల తరబడి కొంచెం కొంచెంగా జరిగి ఉంటుంది. కంపెనీ బస్సులో వచ్చేవాళ్ళు ఎటూ అరగంట ముందే దిగుతారు కనుక ఎవరికీ అనుమానం రాలేదు.

చెప్పకపోతే ఆమె పని పోతుంది, చెబితే నాది పోవచ్చు. మేనేజర్ గది ముందు ఎంతసేపు తచ్చాడానో. చివరికి లోపలికి వెళ్ళాను. టైమ్ తప్పింది సార్, ఆమె సరిగ్గానే వచ్చింది అన్నాను. తప్పెవరిదని ఆయన అడిగాడు. మిషన్‌ది అన్నాను. ఆయన ఇంకేం అడగకుండా ఆమె పేరు మీది ఆలస్యాలన్నీ కొట్టేశాడు.

మధ్యాహ్నం ఆమె నా గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"మీరు సూడవట్టి నా పని నిలిచింది సార్. నా బిడ్డ బడికి తయారయ్యేకాడ సతాయించవట్టే లేటైతున్న అనుకున్న. రెండుసార్లు కొట్టిన దాన్ని."

మిషన్‌ది కాదమ్మా, తప్పు నాది అని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పటికే ఆమె నాకు దండం పెడుతోంది. నేనూ దండం పెట్టి ఊరుకున్నాను.