రిలీవర్ వచ్చేదాకా

మా నాన్న ముప్పై ఏళ్లు ఉత్తరాదిన ఉక్కు కార్ఖానాలో క్రేన్ నడిపాడు. నాలుగంతస్తుల ఎత్తున ఇనుప గదిలో ఒక్కడే. బదులు మనిషి, అంటే రిలీవర్, మెట్లెక్కి వచ్చి "చలో, ఉతరో", ఇక దిగు, అనేదాకా దిగకూడదు. వాడు రాకపోతే ఇంకో ఎనిమిది గంటలు అక్కడే. అలాంటి రోజు అమ్మ గోల్‌మురిలో కంపెనీ ఇచ్చిన మా క్వార్టర్ గుమ్మంలో కూర్చుని ఆ రాని మనిషిని ఏడు తరాలతో కలిపి తిట్టేది. నాన్న వచ్చేదాకా తను అన్నం ముట్టేది కాదు.

అమ్మ పోయిన కొన్నేళ్లకి నాన్న ఊపిరితిత్తులు పాడై, గోవింద్‌పూర్‌లో మా ఇంట్లోనే మంచాన పడ్డాడు. ఆ రోజుల్లోనే టీవీలో చెప్పారు, కొద్దిరోజులకని అంతరిక్ష కేంద్రానికి వెళ్లినవాళ్లు నెలల తరబడి అక్కడే చిక్కుకుపోయారని. నాన్నకి కోపమొచ్చింది.

"సిక్కుకోడవేటి? ఆళ్లు డూటీలో ఉన్నారు. రిలీవర్ రానేదు, అంతే."

అప్పటినుంచి ఆయనకి అదే ధ్యాస. ఆ కేంద్రం మా ఊరి మీదుగా ఎప్పుడు వెళ్తుందో మా అమ్మాయి ఫోన్లో చూసి చెప్పేది. పొద్దుగూకే వేళ మంచం వరండాలోకి లాగించుకునేవాడు. కార్ఖానా పొగ మీదుగా ఆ కేంద్రం చుక్కలా వెళ్తుంటే అరచెయ్యి పైకెత్తేవాడు. క్రేన్ ఆపమని కిందివాళ్లు చేసే సైగ అది. కదలకు, నేనున్నాను అని.

చివరి వారం ఒక్కో ఊపిరికీ మనిషంతా ఎగిరిపడేవాడు. డాక్టరు చేతులెత్తేశాడు. ఆ బాధ నేను చూడలేకపోయాను. ఓ సాయంత్రం అడిగాడు.

"ఆళ్లు దిగినారేటమ్మా?"

దిగలేదు. ఇంకా నెలలు పడుతుందని ఆ పొద్దున్నే విన్నాను.

"దిగిపోనారు నాన్నా. రిలీవర్ వచ్చీసినాడు."

నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. డ్యూటీ విషయంలో అబద్ధమాడితే చెంప పగలగొట్టే మనిషి.

"అలగైతే సరే" అని కళ్లు మూసుకున్నాడు. మర్నాడు పొద్దున టీ పట్టుకెళ్లేసరికి లేడు.

వాళ్లు నిజంగా దిగింది కొన్ని నెలల తర్వాత. వాళ్లని చేతులు పట్టుకుని బయటికి తెస్తుంటే టీవీలో అందరూ చప్పట్లు కొట్టారు. మా అమ్మాయి కూడా కొట్టింది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. వాళ్లు దిగేదాకా ఆయన ఉండేవాడేమో. ఆ అబద్ధం ఆయన కోసం ఆడానో, చూడలేక నా కోసం ఆడానో ఈనాటికీ తేలలేదు.

రాని రిలీవర్‌నే అంతలా తిట్టిన అమ్మ, వేళకి ముందే రిలీవరై వచ్చిన నన్ను ఏమనేదో.