వైరు ఎత్తే గెడ

"మా వైపు అంతా గ్రీనే ఉందమ్మా" అన్న మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ చెరకు సీజనంతా మా చోడవరం కేబుల్ ఆపరేటరు ఫోన్ చేసినప్పుడల్లా ఆ మాటే చెప్పేవాడు.

నెట్‌వర్కులను కనిపెట్టుకుని ఉండడమే నా ఉద్యోగం. ఇంట్లో కూర్చుని, ఎక్కడెక్కడి ఊళ్ళలోనో ఉన్న ఆఫీసుల ఇంటర్నెట్ లైన్లు పనిచేస్తున్నాయో లేదో తెర మీద చూస్తుంటాను. పనిచేసే లైనుకు పచ్చచుక్క, పడిపోయిన లైనుకు ఎర్రచుక్క. అలాంటిది నా ఇంట్లో లైనే రోజుకు పదిసార్లు పడిపోయేది. ఓ నిమిషం పోయేది, మళ్ళీ వచ్చేది. మీటింగులో నేను నోరు తెరిచేసరికి తెర మీద నా బొమ్మ బిగుసుకుపోయేది. మేనేజరు రెండు మెయిళ్ళు పెట్టాడు. మూడోసారి జరిగితే ఇంటి నుంచి పని కుదరదు, హైదరాబాద్ ఆఫీసుకు రావాలన్నాడు. మా ఆయన ఇక్కడి బడిలో మేష్టారు. పాప రెండో తరగతి. అంటే నేనక్కడ హాస్టల్లో, వాళ్ళిక్కడ. ఎవరో చెయ్యని పనికి నా బిడ్డను నేను వదిలిపోవాలా?

ఆపరేటరుకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా "రౌటరు ఆపి వెయ్యండమ్మా" అనేవాడు. లేకపోతే "లాప్‌టాపు పాతదేమో సూపించుకోండి" అనేవాడు. ఒకసారి ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చుని, మా అత్తగారిచ్చిన కాఫీ తాగి, తన ఫోన్లో పచ్చచుక్కలన్నీ చూపించాడు.

"నా మిషను అబద్దం సెప్తాదేటమ్మా?" అన్నాడు.

"మరి మా కోడలు సెప్తాదేటి?" అంది మా అత్తగారు, ఖాళీ గ్లాసు అందుకుంటూ.

ఇక ఊరందరి లైన్లకూ చేసే వైద్యం నా ఇంటికీ మొదలుపెట్టాను. సెకనుకోసారి మూడు చోట్లకు "ఉన్నావా?" అని అడిగేలా లాప్‌టాపుకు పురమాయించాను. దాన్నే పింగ్ అంటారు. మొదటిది మా ఇంట్లో రౌటరు, రెండోది ఆపరేటరు ఆఫీసులోని పెట్టె, మూడోది ఎక్కడో దూరంగా ఉన్న కంప్యూటరు. జవాబు ఎక్కడ ఆగితే తప్పు ఆ దారిలో ఉన్నట్టు. మర్నాటికే తేలిపోయింది. మా రౌటరు ఒక్క సెకను కూడా తప్పకుండా పలుకుతోంది. ఆపరేటరు పెట్టె, దాని అవతలిదీ కలిసి మూగబోతున్నాయి. తప్పు నా ఇంట్లో లేదు, మా ఇంటికీ ఆయన ఆఫీసుకూ మధ్య ఉంది. టైములన్నీ కాగితం మీద రాసి తీసుకెళితే, చూడకుండానే "ఇయ్యన్నీ నాకు తెలవ్వమ్మా" అని మడిచి ఇచ్చేశాడు. ఆ కాగితం ఆయన మొహాన కొట్టకుండా ఇంటికెలా వచ్చానో నాకే తెలియదు.

ఆ వారంలోనే రెండు రోజులు వాన ముసురుకుంది. లైను ఇక పూర్తిగా చచ్చిపోతుందనుకున్నాను. ఒక్కసారి కూడా పోలేదు. మూడో రోజు ఎండ కాసింది, లైను మళ్ళీ పోవడం మొదలుపెట్టింది. వానకు పోయే లైన్లను చాలా చూశాను గానీ, వానకు బాగుపడేదాన్ని నా సర్వీసులో చూడలేదు. ఆ మాటే పైకి అన్నాను.

అరుగు మీద బియ్యం ఏరుతున్న మా అత్తగారు తల ఎత్తకుండానే, "వానొత్తే చెరుకు బళ్ళు రావు కదే. పొలం బురదైపోద్ది. రెండ్రోజులూ వీధి ఎంత హాయిగా ఉందో" అంది.

మధ్యాహ్నం భోజనం వేళ లాప్‌టాపు పట్టుకుని నేనూ అరుగు మీదికి చేరాను. కాసేపటికి గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి వెళ్ళే చెరకు ట్రాక్టరు వచ్చింది. లోడు మా ఇంటి చూరుకన్నా ఎత్తు. మా వీధికి అడ్డంగా ఇంటర్నెట్ వైరు వేలాడుతూ ఉంటుంది. లోడు మీద కూర్చున్న ఆయన పంగ ఉన్న వెదురు గెడతో దాన్ని పట్టుకుని, తల మీదుగా ఎత్తి, వెనక్కి జార్చుకుంటూ పోతున్నాడు. స్తంభం దగ్గర వైరు అతుకు మెలితిరిగింది. నా తెర మీద జవాబులు ఆగిపోయాయి.

"ఓ బాబూ, ఆపండి! ఏటి సేస్తన్నారు మీరు?" అని అరిచాను.

"వైరు తెగిపోద్దని ఎత్తుతన్నానమ్మా. తెగితే మీకే కదా ఇబ్బంది" అన్నాడాయన నొచ్చుకుంటూ. "కేబులాయనే అందరికీ గెడలిచ్చేడు. సీజనయ్యేదాకా ఇలాగ ఎత్తీయమన్నాడు."

అంటే వాడికి తెలుసు! నా ఇంట్లో కాఫీ తాగుతూ నా లాప్‌టాపును పాతదన్నప్పుడు కూడా తెలుసు. వైరు పైకి కట్టడం పని, గెడలు పంచడం సుళువు.

కుర్చీ తెచ్చి ట్రాక్టరు ముందు, నడివీధిలో వేసుకుని కూర్చున్నాను. "ఆయనకి ఫోన్ సెయ్యండి. వైరు పైకి కట్టేదాకా ఈ బండి కదల్దు" అన్నాను. వెనక ఇంకో రెండు ట్రాక్టర్లు ఆగాయి. కోసిన చెరకు ఎండలో నిలబడితే ఆరి బరువు తగ్గిపోతుంది. డ్రైవర్లు ఆ కోపమంతా ఆపరేటరు మీద ఫోన్లో వెళ్ళగక్కారు. నా ఫోన్లకు కదలని మనిషి పది నిమిషాల్లో నిచ్చెనతో దిగాడు.

అప్పుడు చూశాడు నా కాగితం. "మా మిషను అయిదు నిమిషాలకోసారి సూత్తాదమ్మా. మద్దిలో ఓ నిమిషం పోతే దానికి తెలీదు" అని గొణిగాడు.

"దానికి తెలీదు సరే, సెప్పినప్పుడు వినడానికి మీకేటయింది?" అన్నాను. వీధి వీధంతా వినపడేలా అన్నాను. ఆయన స్తంభానికి ఇనప గొట్టం బిగించి, వైరు పైకి కట్టి, అతుకు కొత్తగా వేశాడు. లైను మళ్ళీ పోలేదు. మేనేజరు నుంచి మూడో మెయిల్ రాలేదు.

ఆ సాయంత్రం, ఇంకా కోపం చల్లారకుండానే, పనిలో కూర్చున్నాను. తెర మీద ఒక చిన్న ఊరి ఆఫీసు పేరు కనబడి చెయ్యి ఆగింది. అక్కడ కౌంటరులో కూర్చునే ఆవిడ చాలాసార్లు ఫోన్ చేసింది. రోజూ ఫలానా ఫలానా టైములో కంప్యూటరు ఆగి ఆగి పోతోందనీ, వరసలో నిలబడ్డవాళ్ళు తనను తిడుతున్నారనీ చెప్పింది. నేను పచ్చచుక్క చూసి, "మా వైపు అంతా గ్రీనే ఉందండీ" అన్నాను. ప్రతిసారీ అదే అన్నాను, ఫిర్యాదు మూసేశాను. మా మిషనూ అయిదు నిమిషాలకోసారే చూస్తుంది. అలా చూడమని దానికి చెప్పింది నేనే.

ఆవిడకు ఫోన్ చేశాను. "ఇవాళ్టి నుంచి మీ లైను సెకనుకోసారి చూస్తానండీ. ఏ టైములో పోతోందో కొంచెం చెబుతారా?" అని అడిగాను.

ఆవిడ ఎదురుగా ఉన్నవాళ్ళను ఒక్క నిమిషం ఆగమంది.

"అన్నిసార్లూ మీకే చెప్పాను కదండీ" అంది ఆవిడ. "అప్పుడు రాసుకోలేదా?"