వీపు తిప్పని ఉదయం

మా సమ్మె ముగిసిన మర్నాడు పొద్దున జరిగింది తలుచుకుంటే నాకిప్పటికీ నమ్మబుద్ధి కాదు. గేటు ముందు టెంటేసుకుని గొంతులు పోయేలా నినాదాలిచ్చిన రోజుల్లో కూడా నాకంత ఆశ్చర్యం కలగలేదు.

మాది నరసరావుపేట శివార్లలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ. లారీల్లో వచ్చిన బస్తాలు లోపలికి మొయ్యడం మా పని. మా హమాలీల జట్టు సంగతి చెప్తే నవ్వుతారు. టీలో చక్కెర ఎంతుండాలో కూడా మాకు పొత్తు కుదరదు. ఒకడు ఔనంటే ఇంకొకడు కాదంటాడు. ఆ కాదనేవాళ్ళలో ముందుండేది నేనే. అలాంటి మేము, బస్తాల్లో కాయ తొక్కి తొక్కి నింపి మా నడుములు విరగ్గొడుతున్నారని, బరువు తగ్గించేదాకా మొయ్యం అని కూర్చున్నాం. చలికాలంలో మొదలైన సమ్మె ఎండలు ముదిరేదాకా సాగింది. సరుకు ఆగిపోయిన నకరికల్లు రైతులు మమ్మల్ని తిట్టిపోశారు. తిట్టి, వంట చేసుకోమని ఓ గోతాం వంకాయలు దించి వెళ్ళారు. ఇదేం మనుషులో నాకర్థం కాలేదు.

చివరికి ఓనరు బస్తా బరువు తగ్గించడానికి ఒప్పుకున్నాడు. కానీ మెలిక పెట్టాడు. అందరూ పనిలోకి రావచ్చు, సమ్మెలో ముందు నిలబడ్డ మా మేస్త్రీ మాత్రం గేటు దాటకూడదు.

మేస్త్రీని మేమంతా బాబాయ్ అంటాం. మోకాళ్ళు అరిగాక మొయ్యడం మానేసి, లారీ మీద నిలబడి మా వీపుల మీదికి బస్తా దింపే పని చేసేవాడు. అదేమంత పని అనుకోకండి. మోసేవాడు లారీకి వీపు తిప్పి, వంగి, కళ్ళు నేలకేసి నిలబడతాడు. వెనక ఏం జరిగేదీ కనపడదు. బస్తా బెత్తెడు పక్కకి పడిందా, మెడ పట్టేస్తుంది. బాబాయ్ దింపేముందు ప్రతివాడి మెడా రెండు వేళ్ళతో తడిమి చూసేవాడు. ఏ మెడకి ఏ నొప్పుందో ఆయనకి తెలుసు.

ఆయన లేకుండా పనిలోకి వెళ్ళం అని మేమంటే ఆయనే కోప్పడ్డాడు. "పోండిరా. బస్తా తగ్గింది, అదే చానా. నన్ను చూసుకుంటా కూకుంటే పిల్లలేం తింటారు?" అన్నాడు. మర్నాడు పొద్దున తలలు వంచుకుని లోపలికి వెళ్ళాం.

లారీ మీద కొత్తాయన ఉన్నాడు. అచ్చంపేట నుంచి తెచ్చారట. బస్తా అంచుకి జరిపి, రమ్మని చెయ్యూపాడు. మొదటి వంతు నాది. లారీ దగ్గరికి వెళ్ళాను. వీపు తిప్పుదామనే అనుకున్నాను, ఒట్టు. ఒళ్ళు తిరగలేదు. అలాగే ఆయన మొహంలోకి చూస్తూ నిలబడ్డాను. నా పక్కన ఇంకొకడొచ్చి అలాగే నిలబడ్డాడు. ఆ పక్కన ఇంకొకడు. వెనక్కి చూస్తే జట్టు జట్టంతా లారీకి ఎదురుగా నిలబడి ఉంది. ముందు అనుకున్నది లేదు, కనుసైగ లేదు, నినాదం లేదు. చక్కెర దగ్గర కొట్టుకునే మనుషులు!

గుమస్తా వెళ్ళి ఓనరుని తీసుకొచ్చాడు. ఏంది మీ గొడవ మళ్ళీ అని ఆయన అడిగాడు.

"గొడవేం లేదు సార్. ఈయన మంచోడే. మా మెడలు ఈయనకి తెలవవు," అన్నాను.

ఓనరు మా వరసనీ, లారీ మీది బస్తాలనీ మార్చి మార్చి చూశాడు. ఈలోపు కొత్తాయన చేతులు దులుపుకుని లారీ దిగి, మా వరసలో నా పక్కనే వచ్చి నిలబడ్డాడు. ఆయనకి మేమెవరం? ఏమీ కాము. గేటు బయట ఇంకో రెండు లారీలు హారన్లు కొడుతున్నాయి. ఓనరు గుమస్తాతో, బండేసుకుపోయి ఆ మేస్త్రీని తీసుకురా అన్నాడు.

బాబాయ్ వచ్చి లారీ ఎక్కాడు. మమ్మల్ని ఏమీ అడగలేదు. నేను వీపు తిప్పి వంగాను. మెడ మీద రెండు వేళ్ళు ఆనాయి. ఆ రోజు అవి తడిమిన చోటే మళ్ళీ తడిమాయి. బస్తా దింపి, "తేలిగ్గా ఉందా రా?" అన్నాడు.

ఉంది బాబాయ్ అని లోపలికి నడిచి, రెండో బస్తాకి అందరికన్నా ముందొచ్చి వీపు తిప్పాను.