తెల్లపిల్లికి జబ్బు చేసినప్పుడు

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్ అంటే ద్రాక్షతోటలే. ఇప్పుడు మెట్రో స్తంభాలు నిలబడ్డ ఆ రోడ్డుకు అటూ ఇటూ ద్రాక్షపందిళ్లు ఉండేవంటే మా మనవరాలు నమ్మదు. మా తాతయ్యకు అక్కడ ఒక తోట, ఒక బావి, కొన్ని బర్రెలు, పెంకుటిల్లు ఉండేవి. ఇంటి వెనక వడ్లు, జొన్నలు పోసుకునే కొట్టు ఉండేది. ఆ కొట్టులో ఎలుకలు చేరకుండా పిల్లులను పెంచేవాళ్లం. తాతయ్య దృష్టిలో అవి తిండికి పనిచేసే జీతగాళ్లు. నాకూ మా మేనత్తకూ మాత్రం ఇంట్లో మనుషులతో సమానం.

అత్త మాతోనే ఉండేది. పెళ్లయిన కొత్తలో ఆమెకు టీబీ వచ్చిందట. అత్తవారు తెచ్చి పుట్టింట్లో దించి పోయారు, మళ్లీ తీసుకుపోవడానికి రాలేదు. ఇది నేను పుట్టకముందు మాట. ఆ రోజుల్లో ఆమెను పెరటి గదిలో ఉంచారనీ, కంచం, చెంబు, చాప అన్నీ వేరుగా పెట్టారనీ ఆడవాళ్లు చింతపండు గింజలు తీసుకుంటూ మాట్లాడుకునే మాటల్లో నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. మందులు వాడి పూర్తిగా నయమైంది. అయినా ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తేవారు కాదు. అత్త కూడా ఎత్తేది కాదు. పొద్దంతా ఏదో ఒక పని చేసుకుంటూ, అవసరమైతే తప్ప నోరు విప్పేది కాదు.

ఇంట్లో చారల పిల్లి ఒకటి ఉండేది. అది కళ్లు తెరవకముందే తల్లి చనిపోతే, అత్త దూదివత్తిని పాలలో ముంచి నోటికందించి బతికించింది. అందుకే అది ఎక్కడ తిరిగినా చివరికి అత్త కొంగు దగ్గరికే చేరేది. దాని మొదటి కాన్పులో మిగిలిన ఒకే ఒక్క పిల్ల, ఒళ్లంతా తెలుపు, నాది. నా పక్కలోనే పడుకునేది. ఆ వేసవిలో చారల పిల్లి మళ్లీ ఈని, కొట్టులో ఒక గంపలో పిల్లలను పెట్టుకుంది.

ద్రాక్ష కోతలు అయిపోయిన రోజులవి. ఎక్కడిదో ఒక గండుపిల్లి వచ్చి మా గడ్డివాము పక్కన పడుకుంది. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మర్నాటికి అది అక్కడే చచ్చిపోయి ఉంది. తాతయ్య దాన్ని పాతిపెట్టించారు. ఆ తర్వాత కొన్నాళ్లకు మా తెల్లది తిండి మానేసింది. నీళ్ల గిన్నె ముందు కూర్చుని, గిన్నె మీదికి తల వాల్చి అలాగే ఉండేది కానీ తాగేది కాదు. దాహం వేస్తున్నట్టే ఉంది, నాలుక మాత్రం బయటికి రాదు. తర్వాత పచ్చటి నురుగు కక్కడం మొదలుపెట్టింది.

ఆ రోజు ఒక బర్రెను చూడటానికి పశువుల డాక్టరు గారు వచ్చారు. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చినాయన. అత్త తెల్లదాన్ని గోనెపట్టా మీద పెట్టి తీసుకువచ్చి చూపించింది. ఆయన దాని పొట్ట తడిమి, కనురెప్ప ఎత్తి చూశారు.

"దీనికి మందు లేదమ్మా," అన్నారు. "ఇది మనుషులకు రాదు, గేదెలకు రాదు. పిల్లులకే. ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకిపోతుంది. మిగతావాటిని కాపాడుకోండి."

ఎలా కాపాడుకోవాలో కూడా ఓపికగా చెప్పారు. కంటికి కనిపించని పురుగు అది, జబ్బు పిల్లి తిన్న గిన్నెలోనూ పడుకున్న గోనెలోనూ ఉంటుంది, మన చేతులకూ కాళ్లకూ చీర అంచుకూ అంటుకుని వస్తుంది. జబ్బు పిల్లిని ముట్టుకున్నవాళ్లు మంచి పిల్లుల దగ్గరికి పోకూడదు. బావిలో వేసే బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో కలిపి నేలంతా కడగాలి. పక్క గుడ్డలు కాల్చేయాలి. ఏడాది దాకా ఇంటికి కొత్త పిల్లపిల్లిని తేకూడదు. దీనికి టీకా ఉందని చదివారట కానీ తమ దవాఖానకు ఎన్నడూ రాలేదన్నారు.

తాతయ్యకు ఇదంతా అతిగా అనిపించింది. తెల్లదాన్ని సంచిలో వేసి దూరంగా పారేస్తే అయిపోతుంది కదా అన్నారు. అలా చేస్తే అది పడ్డచోట ఉన్న పిల్లులన్నిటికీ అంటుకుంటుందని డాక్టరు గారు చెప్పారు. మా గోడకు అవతలే పాలవాళ్ల ఇల్లు ఉండేది, వాళ్లకూ పిల్లులుండేవి. అప్పుడు అత్త, తండ్రి ఎదురుగా గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినని అత్త, "నేనుంట నాయినా దాంతోని, మోటరు గదిల," అంది.

బావి దగ్గర మోటారు పెట్టిన చిన్న గది అది. అత్త ఒక చాప, ఒక మట్టిచిప్ప, తెల్లపిల్లిని తీసుకుని అందులోకి వెళ్లిపోయింది. పోయే ముందు నన్ను దూరంగానే నిలబెట్టి చెప్పింది. "తల్లిని, పిల్లలను నువ్వే చూడాలె బిడ్డా. నువ్విటు రావద్దు, నేనటు రాను. ఇద్దరం రెండు దిక్కులా పోతే జబ్బును మనమే మోసినట్టయితది."

దూరం నుంచైనా చూడొచ్చా అని అడిగాను. బట్టలుతికే బండ దాకా రావచ్చంది. అక్కడి నుంచి గది తలుపు, లోపల అత్త చీర అంచు, అప్పుడప్పుడు తెల్లగా ఒక ముద్దలాగా నా పిల్లి కనిపించేవి. అది నన్ను చూసి ఒకసారి నోరు తెరిచింది. గొంతు రాలేదు. నేను వెళ్లలేకపోయాను. దానికి అదెలా అర్థమవుతుంది?

కష్టమంతా చారల పిల్లితో వచ్చింది. పిల్లలకు పాలిచ్చి, అత్తను వెతుక్కుంటూ బావి వైపు నడిచేది. అత్త లోపలి నుంచి అదిలించేది. పుట్టినప్పటి నుంచి అత్త దాన్ని ఒక్కసారి కూడా అదిలించి ఎరగదు. అది కదలకుండా కూర్చుని ఆమె వైపే చూస్తూ అరిచేది. నేను పరుగెత్తుకెళ్లి ఎత్తుకుంటే చేతులు రక్కేది. కొట్టులో పెట్టి తలుపు వేసి తిరిగి వచ్చి చూస్తే, అత్త గోడ వైపు తిరిగి కూర్చుని ఉండేది.

మొదటి రోజు మధ్యాహ్నం నాయనమ్మ అత్తకు అన్నం తీసుకెళ్లింది. గడప బయట కంచం పెట్టి, కొంచెం వెనక్కి జరిగి నిలబడింది. అలా చేయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. వెనకటి అలవాటు కాళ్లలో ఉండిపోయినట్టుంది. అత్త కంచం వైపు చూసింది, తీసుకోలేదు.

"అమ్మా, ఇది నీకు రాదు. పిల్లులకే వస్తది."

"ఎరికే బిడ్డా," అంది నాయనమ్మ. కానీ అక్కడే నిలబడిపోయింది. కాసేపటికి, "అప్పుడు భయపడ్డ. ఇంట్ల చిన్నపిల్లలుండిరి," అంది.

అత్త గొంతులో కోపం లేదు. నేను బండ దగ్గర ఉన్నానన్న సంగతి వాళ్లిద్దరూ మరిచిపోయినట్టున్నారు. "నువ్వు భయపడ్డందుకు నాకు బాధ లేదమ్మా. దూరం పెట్టుమని డాక్టరే చెప్పిండు. కానీ కంచం పెట్టి లోపలికి పోయేదానివి. గా గడప అవుతల జరసేపు కూసున్నా సరిపోతుండె."

నాయనమ్మ చీర కుచ్చెళ్లు పట్టుకుని, గడప దాటి లోపలికి వెళ్లి, అత్త పక్కన నేల మీద కూర్చుంది. అత్త అన్నం తినేదాకా అక్కడే ఉంది. తిరిగి వచ్చి బావి దగ్గరే తలకు పోసుకుని, తడి చీరతోనే ఇంట్లోకి వచ్చింది. ఆ తర్వాత అన్ని పూటలా అలాగే చేసింది.

నేను ఆ మాటలు విన్నప్పటి నుంచి, తల్లిపిల్లికి పాలు పెట్టి చేతులు కడుక్కోగానే వచ్చి బండ మీద కూర్చునేదాన్ని. తెల్లదానికి వినిపించేటట్టు ఏదో ఒకటి మాట్లాడేదాన్ని. అత్త ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లను దూదితో దాని నోట్లో చుక్కచుక్కగా వేసేది. అది కక్కేది. మళ్లీ తుడిచి, మళ్లీ వేసేది. ఒక మధ్యాహ్నం చూస్తే అత్త చేతిలో దూది కదలకుండా ఉంది. తెల్లదాని మీద గోనెపట్టా కప్పింది.

తాతయ్య పార తీసుకుని వచ్చారు. ఎవరినీ పిలవకుండా, తోట మూలలో తానే లోతుగా గుంత తవ్వి, సున్నం చల్లి, పూడ్చి, పారను బ్లీచింగ్ నీళ్లలో కడిగి వెళ్లిపోయారు.

అంతటితో అయిపోతుందనుకున్నాను. మర్నాడు పొద్దున గంపలో ఒక పిల్ల పాలకు రాలేదు. తల్లి నాకి నాకి లేపుతోంది, అది లేవడం లేదు. మేము వేరు చేయకముందే తెల్లది ఆ గంపలో దూరి పిల్లలను నాకేది. అప్పుడే అంటుకుని ఉంటుంది. నేను బండ దగ్గరికి వచ్చి చెప్పాను. అత్త దాన్ని చిన్న బుట్టలో పెట్టి బండ మీద ఉంచి వెళ్లమంది, చేతులూ కాళ్లూ మోచేతుల దాకా, మోకాళ్ల దాకా కడుక్కోమంది. నేను వెళ్లాక ఆమె వచ్చి బుట్ట తీసుకుంది. తర్వాత ఇంకొకటి. దాని తర్వాత ఇంకొకటి. ప్రతిసారీ తల్లి నా వెనకే కొట్టు తలుపు దాకా వచ్చేది. నేను తలుపు మూసేదాన్ని. చివరికి గంపలో గుడ్డ తప్ప ఏమీ మిగల్లేదు. ఆ గుడ్డను కూడా కాల్చేశాం. చారల పిల్లి మాత్రం ఒక్క పూట నలతగా ఉండి లేచి తిరిగింది. లేచి, బస్తాల సందుల్లో ఒక్కొక్క చోటా ఆగి, పిల్లలను పిలుచుకుంటూ తిరిగింది.

అన్నీ అయిపోయాక అత్త ఒంటి మీద చీర కూడా కాల్చేసి, తలకు పోసుకుని వచ్చి అరుగు మీద కూర్చుంది. ఎముకలు తేలిపోయినట్టు ఉంది. ఇంత చేసినా ఎందుకు పోయాయని అడిగాను. ఏడుపు ఆపుకోలేకపోయాను.

"చేస్తే బతుకుతయని ఎవరూ చెప్పలే బిడ్డా," అంది అత్త. తడి తల తుడుచుకుంటూ, "పాలోళ్ల పిల్లులు మంచిగున్నయ్. గోడ దాటలేదు జబ్బు. ఇంక మనయి... ఒక్కటి కూడ ఒంటరిగ పోలే," అంది.

పాలవాళ్లకు ఈ సంగతి తెలియనే తెలియదు. వాళ్ల పిల్లులు గోడ మీద ఎండకు పడుకుని ఉండేవి. చారల పిల్లిని అత్త ఆ తర్వాత కూడా చాలా రోజులు ముట్టుకోలేదు. వానలు పడ్డాక ఒక సాయంత్రం చేయి చాపింది. అది వాసన చూసి, ముఖం తిప్పుకుని, కొంచెం దూరంలో కూర్చుంది. దగ్గరికి రావడానికి దానికి ఇంకా కొంత కాలం పట్టింది. అత్త తొందరపెట్టలేదు. ఎవరెవరో పిల్లపిల్లులను ఇస్తామన్నా, ఏడాది తిరిగేదాకా వద్దనే చెప్పింది.

తోట పోయి చాలా కాలమైంది. అత్త కూడా పోయింది. నేనిప్పుడు ఎల్‌బీ నగర్‌లో అపార్ట్‌మెంటులో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఇంట్లో రెండేళ్ల పిల్లి ఉంది, దానికి టీకాలన్నీ వేయించారు. ఈ మధ్య మా మనవరాలు సెల్లారులో దొరికిన ఒక పిల్లపిల్లిని తెచ్చింది. టీకా వేయించేలోపే అది నీళ్ల గిన్నె మీదికి తల వాల్చింది. చూడగానే నాకు తెలిసిపోయింది. క్లినిక్కులో పరీక్ష చేసి అదే జబ్బన్నారు. ఇప్పుడు సెలైన్లున్నాయి, ఇంజెక్షన్లున్నాయి, అయినా చిన్నది కాబట్టి నమ్మకంగా చెప్పలేమన్నారు. వేరుగా ఉంచమన్నారు.

మా మనవరాలు తన గదిలోకి పోయి తలుపు వేసుకుని ఏడ్చింది. తనవల్ల ఏమీ కాదని, చూడలేనని అంది. నేను పెద్దపిల్లిని ఆమెకు అప్పగించాను. దాన్ని హాల్లో ఉంచుకుని, పిల్లపిల్లి ఉన్న గది తలుపుకు ఇవతల కూర్చోమన్నాను. ఏం చేయాలి కూర్చుని అని అడిగింది. ఏమీ చేయక్కర్లేదని చెప్పి, పాత చీర కట్టుకుని నేను లోపలికి వెళ్లాను.

ఆ పిల్ల బతకలేదు. పెద్దదానికి ఏమీ కాలేదు. పిల్ల పోయే వేళకు తలుపవతల నుంచి మా మనవరాలు దానితో ఏదో మాట్లాడుతూనే ఉంది. నా ఒళ్లో అది చెవి ఒకసారి కదిపింది. నా మోకాళ్లు నొప్పి పుట్టాయి, చేయగలిగింది ఏమీ లేదు. ఏమీ చేయలేనప్పుడు కూడా లేచిపోకుండా కూర్చోవడం ఒకటే నాకు వచ్చు, అది మా అత్త దగ్గర నేర్చుకున్నాను.